పెద్దమేస్త్రి చెవిలో చెప్పిన మాట

పెద్దమేస్త్రి పోయి నెల తిరిగింది. ఇరవై ఆరేళ్ళు వడ్రంగుల సంఘానికి పెద్దగా ఉన్న మనిషి. సంస్మరణ సభ ఎక్కడ పెట్టాలన్న తర్జనభర్జన లేకుండా ఆయన షెడ్డులోనే పెట్టారు. రంపాలు గోడకు తగిలించి, పొట్టు ఊడ్చి, పనిబల్ల మీద ఆయన ఫొటో నిలబెట్టారు.

ముందు వరుసలో బద్ద కూర్చున్నాడు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. మనిషి సన్నగా, పొడుగ్గా, చీల్చిన టేకు బద్దలా ఉంటాడని అందరూ అలాగే పిలుస్తారు. పక్కనే తోడల్లుడు దిమ్మ. ఆ పేరెందుకొచ్చిందో కింద మూలుగుతున్న బెంచీనడిగితే చెబుతుంది.

బద్ద ఈ సభకు ఒకే ఒక్క పని మీద వచ్చాడు. పెద్దమేస్త్రికి అసలైన శిష్యుడెవరో ఇవాళ అందరికీ తెలిసిపోవాలి. అతని దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. పదిహేనేళ్ళ కిందట అతను కిటికీ చట్రమొకటి బిగిస్తే, పెద్దమేస్త్రి కళ్ళు మూసుకుని, మూల అతుకు మీద బొటనవేలు నడిపించి, బద్ద మెడ వంచి చెవిలో అన్నాడు: "నా చెయ్యి నీకొక్కడికే వచ్చిందిరా. ఎవడితోనూ అనకు, కుళ్ళుకు చస్తారు."

బద్ద పెళ్ళాంతో కూడా అనలేదు. నగలా దాచుకున్నాడు. దిమ్మకు పెద్ద పని తగిలినప్పుడల్లా, "మా బావను చూసి నేర్చుకో" అని పెళ్ళాం దెప్పినప్పుడల్లా, ఆ మాటను బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టుకునేవాడు.

మాట్లాడమని ముందు దిమ్మనే పిలిచారు. అక్కడికే బద్దకు సగం కడుపు మండింది.

దిమ్మ గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఓసారి నేను చేసిన సొరుగు మీద వేలు నడిపించి, చెవిలో అన్నారు, నా చెయ్యి నీకొక్కడికే వచ్చిందిరా అని..."

బద్దకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. లేవబోయాడు. అంతలోకే వెనక నుంచి కుర్చీలు చేసే ముసలాయన లేచాడు.

"అదేంటయ్యా, ఆ మాటన్నది నాతో గదా!"

"నాతోనూ అన్నారే," అన్నాడు పాలిష్ మేస్త్రి బిక్కమొహం వేసి.

చివరి వరుసలో ఇంకో ఇద్దరు చేతులెత్తారు. ఫొటో పక్కన కూర్చున్న పెద్దమేస్త్రి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు.

"నీ వంతు తమ్ముడూ," దిమ్మ మైకు అందించాడు. "కొంపదీసి నీతో కూడా అన్నారా?"

బద్ద లేచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆరోవాడవుతాడు. దిమ్మ మొదటివాడు, తను ఆరోవాడు!

"నాతో అనలేదు," అన్నాడు. "నన్ను తిట్టేవారు."

అందరూ మెడలు సాచారు.

"పదిహేనేళ్ళూ తిట్టారు. ఓసారి వెంట్రుకవాసి సందుందని తలుపు మొత్తం విప్పించారు. నీకు ఉలి కాదురా, గరిటె ఇవ్వాలన్నారు."

నిజానికి పెద్దమేస్త్రి అతన్ని పల్లెత్తు మాట అనలేదు.

ముసలాయన తలూపాడు. "మరే. పరాయివాణ్ణి పొగిడి పంపేస్తాం. తిట్టేది సొంతవాణ్ణే."

అందరూ బద్ద వైపు తిరిగారు. ఆ చూపుల్లో కుళ్ళు కనబడి అతని కడుపు చల్లబడింది. దిమ్మ మొహం వానకు తడిసిన ప్లైవుడ్‌లా ఉబ్బింది.

"నన్నూ తిట్టారు!" పాలిష్ మేస్త్రి అరిచాడు. "బ్రష్షు లాగి పారేశారు!"

"నా కుర్చీ కాలు విరగ్గొట్టారు!" అన్నాడు ముసలాయన.

"మరి ఇందాక అనలేదేం తాతా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"బాధతో నోరు రాలేదురా!"

దిమ్మ మైకు లాక్కున్నాడు. "నన్నయితే," అని కళ్ళు తుడుచుకున్నాడు, "చెంప పగలగొట్టారు. పొట్టూ జిగురూ కలిపి అతుకు సందు పూడ్చానని. ఇదిగో, ఈ షెడ్డులోనే."

షెడ్డంతా నిట్టూర్చింది.

బద్ద కూలబడ్డాడు. అబద్ధమని తెలుసు. ఈ అబద్ధాల దుకాణం తెరిచిందే తను. కానీ పొట్టు, జిగురు అని అంత వివరంగా చెబుతున్నాడు, ఒకవేళ నిజంగానే కొట్టారేమో!

దిమ్మ వచ్చి కూర్చోగానే మెల్లగా అటు ఒంగాడు. "ఏ చెంప అన్నా?"

"ఎడమది."

బద్ద సభ అయ్యేదాకా ఆ చెంప వంకే చూస్తూ కూర్చున్నాడు. పదిహేనేళ్ళలో తననొక్కసారి కొడితే ఆయన సొమ్మేం పోయింది!