ఆఖరి వారం సంచిక

బందరులో నాది పాత కాగితాల కొట్టు. వచ్చిన కట్టను విప్పకుండా కాటా మీద పెట్టడం మా పద్ధతి. విప్పితే చదవాలనిపిస్తుంది. చదువుతూ కూర్చున్నవాడు వ్యాపారం చెయ్యలేడు.

ఆ పద్ధతి వల్లే ఇంట్లో నాకొక నష్టం వచ్చింది. పెళ్లయిన కొత్తలో నా భార్య ధనమ్మ వారపత్రికలో ఒక సీరియల్ చదివేది. తుపానులో ఎదురుమొండి లంకలో చిక్కుకున్న భార్య కోసం నాగాయలంక నుంచి పడవ వేసుకెళ్లినవాడి కథ. వారం వారం ఆ పేజీలు చించి సూదీదారంతో కుట్టుకునేది. ఆఖరి వారం సంచికను ఆమె చదవకముందే నేను పాత పేపర్లతో కలిపి తూచి పంపేశాను. పడవ తిరిగొచ్చిందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి వారపత్రికల కట్ట ఏది వచ్చినా, కొట్టు తలుపు వారగా వేసి విప్పి చూస్తున్నాను. ముప్పై అయిదేళ్లయింది. ఆ సంచిక ఆమె చేతిలో పెడితే నష్టం పూడుతుందని నా లెక్క.

మొన్న పెడన నుంచి ధనమ్మ మేనకోడలు మాధురి వచ్చింది. కాగితాలతో బొమ్మలు చేస్తుంది. గుడివాడలో ప్రదర్శనకు ఈ కథనే ఎంచుకుంది. అత్త కుట్టుకున్న పుస్తకం చింపకుండా పేజీలకు జిరాక్స్ తీయించింది. తెల్ల కాగితం ఏరులా లేదని, వాళ్ల నాన్న అద్దకం బట్టను ముంచినట్టే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసింది. కాగితం వరద రంగుకు తిరిగింది. మడతలు పెడితే అక్షరాల వరసలే అలలయ్యాయి. రేవు లేచింది, రెల్లు లేచింది, తెడ్డు మీదికి వంగిన మనిషి లేచాడు.

"పడవ ఎక్కడ అంటించను అత్తయ్యా? ఏట్లోనా, రేవులోనా?"

"మీ మావయ్యనడుగు. ఆఖరి వారం సంగతి ఆయన కాటాకే తెలుసు."

"ఇంకా దెప్పుతూనే ఉన్నావా! రేవులో అంటించెయ్యమ్మా, పీడా పోతుంది," అన్నాను.

ధనమ్మ పడవ అందుకుని ఏటి మధ్యలో పెట్టింది.

"ఇక్కడే ఉండనీ. ఒడ్డుకొచ్చేస్తే ఈయన కట్టలు విప్పడం మానేస్తారు."

నేను తెల్లబోయాను. "నీకెవరు చెప్పారు?"

"రోజూ కొట్టుకు క్యారేజీ తెచ్చేది నేనే కదండీ! ఒక్క వారపత్రికల కట్టలకే మీరు విప్పి మళ్లీ వేసిన ముడి ఉంటుంది."

మాధురి నవ్వుతూ పడవ అడుగున బంక రాసింది.

నేను కొట్టుకు వెళ్లేసరికి మొవ్వ నుంచి ఒక కట్ట వచ్చి ఉంది. తలుపు బార్లా తీసే ఉంచి, ముడి విప్పాను.