కవాతుకు అడ్డొచ్చిన స్పీడ్ బ్రేకర్

నేను ఒక స్పీడ్ బ్రేకర్‌ని. నిజానికి ఆ మాట చెప్పుకునే హక్కు ఇప్పుడు నాకు లేదు. ఒకప్పుడు బెత్తెడు ఎత్తు, నాలుగడుగుల వెడల్పుతో రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దర్జాగా పడుకుని ఉండేదాన్ని. మనుషులు తమంతట తాము నెమ్మదించే జాతి కాదు గనక నాలాంటివాళ్లను కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా దాటిన ప్రతిసారీ తిట్టేవారు. ఆటోవాళ్లయితే నేరుగా మా అమ్మను తిట్టేవారు. నాకు అమ్మంటే తారు పొయ్యే కాబట్టి నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు.

నగరంలో సైనికుల కవాతు మైదానం నుంచి బయలుదేరే పెద్ద రోడ్డు మాది. రోడ్డుకు ఒక పక్క ఇటుకల బస్తీ, ఇంకో పక్క వికాస్ ఎన్‌క్లేవ్ అనే మేడల కాలనీ. ఆ కాలనీ గోడ చివర ఒక రేకుల గదిలో అంగన్‌వాడీ. పిల్లలందరూ బస్తీలో, అంగన్‌వాడీ అవతలి పక్కన! ఎవరు ఆలోచించి పెట్టారో గానీ, పెట్టినవాళ్లు మాత్రం ఆ రోడ్డు ఏనాడూ నడిచి దాటి ఉండరు. అక్కడ ఆయాగా పనిచేసే ఈదమ్మ రోజూ పొద్దున తొమ్మిదింటికి బస్తీలోకి వెళ్లి, పద్నాలుగు మంది పిల్లల్ని పోగేసి, ఒక పాత చీరను తాడులా మెలిపెట్టి అందరిచేతా పట్టించి, ముందు కొస తాను పట్టుకుని రోడ్డు దాటించేది. మధ్యాహ్నం మళ్లీ అదే చీర, అదే వరస.

నేను పుట్టకముందు ఒకసారి పూజిత అనే నాలుగేళ్ల పిల్లను కారు గుద్ది తొడ ఎముక విరిగింది. స్పీడ్ బ్రేకర్ వేయమని ఈదమ్మ మూడు అర్జీలు పెట్టింది. ఇది ప్రధాన రహదారి, నిబంధనలు ఒప్పుకోవు అని మూడింటికీ ఒకటే జవాబు. ఆ ఏడాదే రోడ్డు వేయడానికి పాలమూరు కూలీలు వచ్చారు. వాళ్ల మేస్త్రీ కుర్మయ్య. ఈదమ్మదీ ఆ పక్క ఊరే. చివరి రోజు సాయంత్రం పని ముగుస్తుంటే ఆమె కేన్లో టీ పట్టుకుని వచ్చింది.

"కుర్మన్నా, మిగిలిన తారు మాలు ఏడ పోస్తవే?"

"ఏడనో ఓ పక్కకు గుమ్మరిస్తం అక్కా. ఏమాయె?"

"గా గుమ్మరిచ్చేదేదో గీడ్నే రోడ్డుకు అడ్డంగ పొయ్యరాదె. పోరగాండ్లు దాటాలె."

"సారు జూస్తె నా మేస్త్రీతనం ఊడుతది గద."

"సారు జూసెటాల్లకు గట్టివడ్తది తియ్."

కుర్మయ్య నవ్వాడు. టీ తాగాడు. అలా నేను పుట్టాను. ఏ కాగితం మీదా సంతకం పడలేదు, ఏ కొబ్బరికాయా కొట్టలేదు.

నాలుగేళ్లు దివ్యంగా గడిచాయి. పెళ్లికొడుకు కారూ, చెత్త లారీ నా దగ్గర ఒక్కలాగే తలవంచాయి. కారులో టిఫిన్ తింటూ వెళ్తున్న ఒక నాయకుడి తెల్లచొక్కా మీద నా వల్ల పల్లీ చట్నీ ఒలికిందని పెద్ద గొడవే జరిగింది. ఎన్ని తిట్లు తిన్నా, ఆ నాలుగేళ్లలో నా దగ్గర ఏ పిల్లకూ చిన్న గీత పడలేదు. ఈదమ్మ వరసను దాటించేటప్పుడు బండ్లు ఆగిపోయేవి. ఆగినవాళ్లు పిల్లల్ని చూసి నవ్వేవారు కూడా. నవ్వే తీరిక వాళ్లకు నేనిచ్చిందే కదా అని కొంచెం గర్వపడేదాన్ని.

ఇంతలో, ఎప్పుడో గెలిచిన యుద్ధాన్ని తలుచుకుంటూ నగరంలో మహా సైనిక కవాతు జరపాలని పైవాళ్లకు తోచింది. ఇక చూడాలి ఆ హడావిడి! డివైడర్లకు రంగులు, చెట్ల మొదళ్లకు సున్నం, ఆ పూట కూర్చుని లేచిపోయే పెద్దమనుషులకు మెట్లమెట్ల మంచెలు. బస్తీ కనిపించకుండా రోడ్డు పొడవునా పచ్చగుడ్డ కట్టారు. అంగన్‌వాడీ రేకు చిల్లుపడి రెండేళ్లు, మార్చమని పెట్టిన అర్జీకి అతీగతీ లేదు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఆ నూనె వాసన నెలరోజులు మా రోడ్డంతా కొట్టింది. బాగున్న రోడ్డునే మళ్లీ కొత్తగా వేయాలన్నారు. అందుకు ముందుగా నన్ను చెక్కేయాలి.

ఆ పని మీద వచ్చిన ఇంజనీరు పేరు సుధీంద్ర. మెత్తని మనిషి. ఈదమ్మ గరిట చేత్తోనే పరుగున వచ్చింది.

"సారూ, దీన్ని తియ్యకున్రి. మీకు పున్నెముంటది."

"కవాతుకు అడ్డమమ్మా. గుర్రాలుంటాయి, బండ్లుంటాయి, వరస తప్పుతుంది. టీవీల్లో దేశమంతా చూస్తుంది."

"ట్యాంకులు గుట్టలెక్కుతయంటరు గద సారూ! గీ బెత్తెడు ఎక్కలేవా?"

ఆయనకు నవ్వొచ్చింది. "పదిహేను రోజులు ఓపిక పట్టు. అయిపోగానే నేనే మళ్లీ వేయిస్తా" అన్నాడు. అబద్ధమాడాలని ఆడలేదు, అప్పటికి నిజంగానే అనుకున్నాడు. యంత్రం గంటలో నన్ను గీకేసింది. నా ముక్కల్ని అంగన్‌వాడీ గోడ పక్కన కాలువ గట్టున కుప్పపోశారు. అక్కడి నుంచి నాకు అంతా కనిపించేది, చేయగలిగింది మాత్రం ఏమీ లేకపోయింది.

మూడు రిహార్సళ్లు, ఒక కవాతు. ట్యాంకుల చక్రాల పట్టాలకు రబ్బరు తొడుగులున్నాయి, రోడ్డుకు ఏమీ కాదని ముందే ప్రకటించారు. తిన్నగా పోయినంతసేపూ పెద్దగా ఏమీ కాలేదు. కానీ కవాతు ముగిసేది మా మూలనే. వెనక్కి తీసుకుపోయే లారీలు ఎక్కడానికి ట్యాంకులన్నీ ఇక్కడే ఉన్నచోట గిర్రున తిరగాలి. తిరిగిన ప్రతి ట్యాంకూ కొత్త తారును చాపలా చుట్టేసింది, కింద కంకర పైకొచ్చింది, ఆ కింద మంచినీళ్ల పైపు పగిలి బస్తీకి ఆరు రోజులు నీళ్లు లేవు. పచ్చగుడ్డకు చిల్లులు పెట్టుకుని బస్తీ జనం చూశారు, చప్పట్లు కొట్టారు. ఈదమ్మ కూడా కొట్టింది. నేను ఆమెను తప్పుపట్టను. ట్యాంకు మీద చెమటలు కక్కుతూ సెల్యూట్ చేసిన ఆ కుర్రాడు కూడా ఏ బస్తీ తల్లి కన్నబిడ్డో. నా కోపం అతని మీద కాదు.

కవాతుకు ఎనిమిది కోట్లయిందనీ, రోడ్ల మరమ్మతుకు ఇంకో మూడు కావాలనీ పేపర్లో వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎవరికీ నొప్పి తెలియలేదు. పెద్దల మంచె ఎదుట రోడ్డును వారంలో అద్దంలా చేశారు. మా మూల ఎవరికీ కనబడేది కాదు గనక వదిలేశారు. పదిహేను రోజులు పోయాక ఈదమ్మ సుధీంద్ర ఆఫీసుకు వెళ్లింది. వచ్చాక గోడ దగ్గర కూలబడి అంగన్‌వాడీ టీచరమ్మతో చెప్పుకుంటుంటే నేను విన్నాను.

"రికార్డుల అసలు స్పీడ్ బ్రేకరే లేదంట టీచరమ్మా. లేనిదాన్ని మల్ల ఎట్ల వేస్తమంటుండు. మీరే గద సారూ తీసిన్రు అంటే, తీసినట్టు గూడ రికార్డు లేదంటుండు."

అయితే ఒక వింత జరిగింది. ఆ గుంతల్లో బండ్లన్నీ నత్తనడక నడవసాగాయి. కార్లవాళ్లు అద్దాలు దించి తొంగిచూసుకుంటూ, బైకులవాళ్లు కాళ్లు నేలకు ఆనించి నెట్టుకుంటూ పోయేవారు. ఈదమ్మ రెండు రోజులు గమనించి, మూడో రోజు నింపాదిగా పిల్లల్ని దాటించింది. "పోనీ తియ్, ట్యాంకులన్న మనకు గింత మేలు చేసినయ్" అంది. నిజం చెప్పాలంటే నాకు ఆ గుంతల మీద ఈర్ష్య కలిగింది. నా పని నాకంటే బాగా చేస్తున్నాయి.

ఎన్‌క్లేవ్ వాళ్లు ఊరుకుంటారా? కార్ల అడుగులు తగులుతున్నాయి, నడుములు పోతున్నాయని సంతకాలు పెట్టించారు. రెండు నెలలకు రోలరు వచ్చింది. ఈదమ్మ వెళ్లి పెద్ద గుంతలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గుంత పూడ్చొద్దు, పూడిస్తే ముందు స్పీడ్ బ్రేకర్ వెయ్యమంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం నవ్వారు. రోడ్డు వద్దంటున్న మహిళ అని పేపర్లో ఫొటో వేశారు. పోలీసులు రెక్కలు పట్టి లేపి పక్కన కూర్చోబెట్టారు. సుధీంద్ర ఆమె పక్కకు వచ్చి, "ట్రాఫిక్ వాళ్లకు ప్రతిపాదన రాశానమ్మా, సర్వే చేసి వేస్తారు. కొంచెం ఆగు" అన్నాడు. సాయంత్రానికి రోడ్డు నున్నగా తయారైంది.

ఇక బండ్లకు పట్టపగ్గాల్లేవు. మూడో రోజున ఒక నీళ్ల ట్యాంకరు వరస చివరి పిల్లాడికి మూరెడు దూరంలో కీచుమని ఆగింది. ఉలిక్కిపడి పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మోకాళ్లు చీరుకుపోయాయి. వాళ్లను లోపలికి చేర్చి, పసుపు రాసి, అన్నాలు పెట్టి, ఈదమ్మ బయటికి వచ్చింది. చేతిలో గడ్డపార. మధ్యాహ్నం రెండు గంటలకు, అందరూ చూస్తుండగా, రోడ్డుకు అడ్డంగా తవ్వడం మొదలుపెట్టింది. బండ్లు ఆగాయి, ఫోన్లు లేచాయి. సగం రోడ్డు మేర అడుగు వెడల్పు కాలువ తెగేసరికి పోలీసు జీపు వచ్చింది.

"రోడ్డెందుకు పగలగొట్టినవ్?" ఎస్సై అడిగాడు.

"నేను పగలగొట్టింది గింతే సారూ. గీ మూలంత పగులుతుంటే మీరే గద ఈడ నిలవడి సెల్యూట్ కొట్టిన్రు."

ఎస్సై కవాతు రోజున నిజంగానే అక్కడ బందోబస్తులో ఉన్నాడు. కానిస్టేబుల్ వైపు తిరిగి, "ప్రజల ఆస్తికి నష్టం. రాసుకో" అన్నాడు.

ఆ కాలువ పూడ్చడానికి వచ్చినవాళ్లకు దగ్గర్లో కంకర దొరకలేదు. గోడ పక్కన నేనున్నాను. పారలతో నన్ను ఎత్తి అందులో పోసి, పైన తారు కప్పి, రోలరుతో తొక్కించారు. పైకి లేచి ఉండాల్సిన నేను ఇలా చదునై పడివున్నాను. ఈదమ్మ బెయిలు మీద వచ్చింది గానీ, కేసున్న మనిషి ఆయాగా పనికిరాదని ఉద్యోగం తీసేశారు. కొత్త ఆయాను వేయలేదు. బస్తీ తల్లులు పొద్దున ఏడింటికే పనుల్లోకి పోతారు. పసివాళ్లను దాటించే మనిషి లేక ఒక్కొక్కరే మానేశారు. నెల తిరిగేసరికి బస్తీ నుంచి ఒక్క పిల్లా రావడం లేదు.

అప్పుడు సుధీంద్ర రాసిన ప్రతిపాదన కదిలింది. ఇద్దరు మనుషులు పుస్తకాలు పట్టుకుని వచ్చి పోయే బండ్లనూ దాటే మనుషులనూ రెండు రోజులు నిజాయితీగా లెక్కపెట్టారు. వారం తర్వాత సుధీంద్ర మా మూలకు వస్తే, ఈదమ్మ ఎక్కడి నుంచో చూసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ సరిగ్గా నా మీద నిలబడ్డారు.

"ఏమని రాసిన్రు సారూ?"

ఆయన కాగితం వంక చూస్తూ చదివాడు. "గత మూడు నెలల్లో ఇక్కడ ప్రమాదాలు లేవు. ఇక్కడ రోడ్డు దాటే పిల్లలెవరూ లేరు. కాబట్టి స్పీడ్ బ్రేకర్ అవసరం లేదు."

సర్కారు కాగితం మీద నా పేరు రావడం అదే మొదటిసారి.

"నిజమే సారూ, లేరు" అంది ఈదమ్మ.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు. ఆమె బస్తీ వైపు వెళ్లడానికి బండ్ల మధ్య సందు కోసం చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది. ఈ ఏడు కూడా కవాతు ఇటే వస్తుందట. రోడ్డు మాత్రం చాలా బాగుందని అందరూ అంటున్నారు.