తడి గోనె

గోనెపట్టా తీసి చూస్తే మరియమాత ముఖాన పెదవులు లేవు.

కళ్లున్నాయి, ముక్కుంది. పెదవులుండాల్సిన చోట అరంగుళం లోతున ఉలి దెబ్బలున్నాయి. మార్త వంగి ఆ గుంటలో వేలు పెట్టి చూసింది.

ఏలూరు కాలువ పక్కనున్న ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా చర్చిలకు సిమెంటు స్వరూపాలు చేస్తున్నవాడు ఆమె మేనమామ బాలశౌరి. మార్త సొంతంగా చేసిన మొదటి స్వరూపం ఇది. ఆదివారం హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో దాని ప్రతిష్ఠ. అది నచ్చితే సిలువ మార్గం పద్నాలుగు బొమ్మలూ ఆమెకే ఇస్తానని ఫాదర్ గారు మాట ఇచ్చారు. లేకపోతే మళ్లీ ఇసుక జల్లించుకుంటూ బతకడమే. ఈ రోజు శుక్రవారం. రెండు రోజుల్లో అతుకు పట్టదు.

బాలశౌరి భార్య శౌరమ్మ వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఇంకెవరు, ఆ జక్కయ్యే. తనని పని మాన్పించి నిన్ను పెట్టుకున్నారని ఊరంతా తిట్టుకుంటూ తిరుగుతున్నాడుగా. స్టేషన్లో చెబుదాం పద.”

“ఉండత్తా.”

మార్త గోనెను చేతిలోకి తీసుకుంది. నీళ్లు కారుతున్నాయి. డెబ్బై నాలుగు మే నెల, రాత్రిళ్లు కూడా వడగాలి. నిన్న సాయంత్రం తను తడిపిన గోనె ఈపాటికి అట్టలా ఎండిపోయి ఉండాలి.

జక్కయ్య అయితే సుత్తితో తల పగలగొట్టి పోయేవాడు. ఈ వచ్చినవాడు పెదవులు మాత్రమే చెక్కేశాడు. మిగతా ముఖం బీటలు తీస్తుందేమోనని గోనె తడిపి, చెవుల పక్కన మడత పెట్టి, కప్పి మరీ వెళ్లాడు. పచ్చి సిమెంటు మీద అంత జాలి ఉన్నవాడు ఒక్కడే.

బాలశౌరి షెడ్డు వెనక అరల ముందు కూర్చుని ఉన్నాడు. అరల నిండా తలలు, కుదరక పక్కన పెట్టేసినవి. మార్త పనిలో చేరిన రోజున వాటినే చూపించి, “ఇవన్నీ నా పంతుళ్లు. నువ్వూ ముందో యాభై పాడుచెయ్యి, తర్వాత మాట్లాడదాం” అన్నాడు. ఆమెకు మొదటిదే కుదిరింది. ఆ మరియమాత చిరునవ్వు చూడటానికి పేటంతా వచ్చి వెళ్లింది.

“మామయ్యా, గోనె ఎందుకు తడిపావు?”

“ఎండితే బీటలు తీస్తుందిగా” అన్నాడు. అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

“మరి పెదవులు?”

“ఎవర్ని అడుగుతున్నావే?” అంది వెనకే వచ్చిన శౌరమ్మ.

“నువ్వూరుకో” అన్నాడు బాలశౌరి. మార్త వైపు తిరిగాడు.

“సరిచేద్దామనే ఉలి పట్టాను. ఎడమ పక్క కాస్త ఎత్తుగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. పెట్రోమాక్స్ దగ్గర పెట్టి చూశాను, వేలితో తడిమి చూశాను. ఎక్కడా తప్పు లేదు మార్తా. ఈ ముప్పై ఏడు తలలూ నా పంతుళ్లని నీకు చెప్పాను, వచ్చినవాళ్లందరికీ చెప్పాను. నీ బొమ్మ చూశాక ఇక్కడ కూర్చుని వరసగా చూసుకున్నాను. మొదటిదానికీ ముప్పై ఏడోదానికీ తేడా లేదు. ఇవి నాకేమీ నేర్పలేదు. నాకు రాలేదు, అంతే. నువ్వు ఒక్కటి పాడుచేసి ఉంటే తట్టుకునేవాణ్ణి. నువ్వు చెయ్యలేదు. అందుకే నీ బదులు నేనే ఒకటి పాడుచేశాను.”