లారీలు రాని రోడ్డు

ఆ రోడ్డు కనిపెట్టింది గిరిబాబే. కానీ కనిపెట్టేదాకా అతన్ని కుదురుగా కూర్చోనివ్వనిది మాత్రం అతని భార్య ప్రమీలారాణి.

గిరిబాబుకి తిరువూరులో పురుగుమందుల కొట్టు ఉండేది. నలభై అయిదు దాటగానే షుగరు వచ్చి పలకరించింది. డాక్టరు నడవమన్నాడు. నడక ముసలాళ్ల పని అనుకున్నాడేమో, ఈయనగారు బెజవాడ వెళ్లి గేర్ల సైకిలు కొనుక్కొచ్చాడు. నెత్తిన హెల్మెట్టు, కాళ్లకి బిగుతు లాగు. బజారంతా నవ్వింది. ప్రమీలా నవ్వింది. రెండోరోజు ఆయన హైవే ఎక్కాడని తెలిశాక మాత్రం ఆవిడకి నవ్వు రాలేదు. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు, బూడిద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. సైకిలు తొక్కేవాణ్ణి అవి మనిషి కింద జమకట్టవు.

"వినీల మీద ఒట్టేసి చెప్పండి, హైవే ఎక్కనని," అంది ప్రమీల.

"పిల్ల మీద ఒట్లెందుకు? జాగ్రత్తగానే వెళ్తున్నాగా."

"జాగ్రత్త మీకొక్కరికి ఉంటే చాలా? లారీవాడికి ఉండొద్దూ?"

వినీల వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఇంటరు చదువుతోంది. ఇక చేసేదేముంది, ఒట్టేశాడు. అక్కడి నుంచి లారీ వాసన తగలని దారి కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. మామిడి తోటల మధ్య మట్టిబాటలు తొక్కి, కుక్కలతో తరిమించుకుని, చివరికి ఒక దారి పట్టాడు. ఊరు దాటగానే సాగర్ కాలువ గట్టు ఎక్కాలి. గట్టు మీద సన్నటి తారు రోడ్డు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేలు. పెనుగొలను వైపు చాలా దూరం పోయాక గట్టు దిగితే కట్టలేరు. ఏటికి అడ్డంగా చప్టా, దాని మీద పాదం మునిగేంత నీళ్లు. అంత దారిలోనూ హారను కొట్టేవాడే ఉండడు. కొంగలు, గేదెలు, పొలానికి పోయే మోటారు సైకిలు ఒకటీ అరా.

ఒక ఆదివారం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ప్రమీల కూడా స్కూటీ మీద వెంట వెళ్లింది. ఇద్దరూ చప్టా అంచున కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకున్నారు.

"అంతా నీ ఒట్టు చలవే," అన్నాడు గిరిబాబు. "లేకపోతే పుట్టి పెరిగిన చోట ఇంత చల్లటి దారి ఉందని నాకు తెలిసేదా?"

ఆవిడ మురిసిపోయింది. మురిసిపోదూ మరి? మొగుణ్ణి లారీ కింద పడకుండా కాపాడుకున్నానని నలుగురికీ చెప్పుకుంది కూడా.

ఆ రోడ్డే గిరిబాబు ప్రాణం తీసింది.

దసరా వెళ్లిన కొత్తల్లో ఆ చుట్టుపక్కల ఎవరి నోట విన్నా మొక్కజొన్న మాటే. గింజ ఎండాలి. కళ్లాలు ఎవరికున్నాయి ఈ రోజుల్లో? బండ్లు తిరగని తారు రోడ్డును మించిన కళ్లం లేదు. రోడ్డులో సగం దాకా గింజలు పోసి, బండి చక్రాలు తొక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మబ్బు కమ్మితే గింజ బస్తాల్లోకెత్తి ఉరుకులు పరుగుల మీద ఇంటికి చేరుస్తారు. రాళ్లు అక్కడే ఉంటాయి, రేపు తీద్దాంలే అని. రోడ్డు ప్రభుత్వానిది, ఎండ దేవుడిది, గింజ రైతుది. మిగిలిపోయిన రాళ్లు మాత్రం ఎవరివీ కావు.

గట్టు పక్కనే ఉన్న గిరిబాబు వాళ్ల చేను రాయప్ప చూసుకునేవాడు. పండగకి ముందు ప్రమీల వసారా ఖాళీ చేసి, అత్తగారి నాటి తిరగలితో సహా పనికిరాని సరంజామా అంతా అతని ట్రాక్టరు ఎక్కించింది. గింజ మీద కప్పే బరకాలు గాలికి లేవకుండా బరువుకైనా పనికొస్తుంది పట్టుకుపొమ్మంది. ఆ తర్వాత ఒక సాయంత్రం మబ్బు పట్టగానే తనే ఫోను చేసి తొందరపెట్టింది.

"ముందు గింజ ఇంటికి చేర్చు రాయప్పా. మిగతావన్నీ రేపు చూద్దువులే."

వసారా నిండా బస్తాలు పేర్పించుకుని ఆ పూట నిశ్చింతగా నిద్రపోయింది. మబ్బు వాన కురవకుండానే పోయింది. తెల్లారేసరికి గట్టంతా మంచు కమ్మింది. ఆ మంచులోనే సైకిలు ఏదో రాయికి కొట్టుకుని గిరిబాబు ఎగిరిపడ్డాడు. ఆసుపత్రిలో ప్రమీల చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడు.

"రాయి కనపడలేదు ప్రమీలా."

బెజవాడ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పోలీసులు వెళ్లి చూసేసరికి రోడ్డు మీద రాయీ లేదు, రప్పా లేదు. సైకిలు జారి పడ్డాడని రాసుకుని వెళ్లిపోయారు.

ప్రమీలకి ఏడుపు రాలేదు. శవం ముందు రాలేదు, పదకొండో రోజూ రాలేదు. "ఏడువమ్మా, గుండె తేలికవుద్ది," అని ఆడవాళ్లు భుజాలు పట్టి కుదిపారు. ఒత్తిగిలి పడుకుంటే చెయ్యి మొద్దుబారినట్టు, మనిషంతా మొద్దుబారిపోయింది. వండుతోంది, తింటోంది, కూతురికి జడ వేస్తోంది. కూర మాడితే మాడిన వాసన తెలుస్తోంది గానీ, అయ్యో మాడిందే అనిపించడం లేదు. ఆవిడలో బతికి ఉన్నది ఒక్కటే. ఆ రాయి ఎవరిదో తెలియాలి. తెలిస్తే ఏం చేస్తుందో తనకే తెలియదు. తెలియాలి, అంతే.

నెల తిరిగాక ప్రమీల కూతురి సైకిలు తీసుకుని రోజూ పొద్దున్నే మొగుడు తొక్కిన దారే తొక్కడం మొదలుపెట్టింది. రోడ్డు మీద రాయి కనిపిస్తే దిగి, దాన్ని పక్కకి దొర్లించి మళ్లీ ఎక్కేది. మనిషి కనిపిస్తే ఆపి అడిగేది.

"ఆ వేళ ఇక్కడ మొక్కజొన్న పోసింది ఎవరు?"

"ఏమోనమ్మా, మేం అప్పటికి కొయ్యనేలేదు," అనేవాడొకడు. "మా కోడలు పురిటికెళ్తే నేనా, ఊళ్లోనే లేను," అనేదొకావిడ. అడిగిన మాట దాటేసి, "ఎండన పడొచ్చావు, కాసిని మజ్జిగ తాగమ్మా," అనేవాళ్లే అందరూ. కళ్లలోకి చూసేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఊరంతా కూడబలుక్కుని ఎవడినో దాస్తున్నారని ఆవిడకి రూఢి అయిపోయింది. తమ గింజ ముందురోజే ఇల్లు చేరింది గనక, తమ సంగతి ఆవిడకి తలపుకే రాలేదు.

ఒకసారి హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్లిద్దరు గట్టు మీద ఎదురయ్యారు. బెజవాడ నుంచి వచ్చారట.

"ఇటు బండ్లు రావాండీ? ఎంత ప్రశాంతంగా ఉందో!"

"రావు బాబూ," అంది ప్రమీల. "రాళ్లుంటాయి. చూసుకుని వెళ్లండి."

ఇంట్లో మామగారు వీరరాఘవయ్య ఉన్నాడు. కొడుకు పోయాక పెద్దాయన నోట మాట తగ్గిపోయింది. రోజూ సాయంత్రం అన్నానికి కూర్చోగానే మాత్రం ఒక మాట అడిగేవాడు.

"ఏమన్నా తెలిసిందా అమ్మాయ్?"

"లేదు మావయ్యగారూ. ఆ రాయి వదిలేసినవాళ్ల చేతులు పడిపోను. వాళ్ల కొంప కూల. వాళ్లకీ నాలాగే ముద్ద సయించకుండా పోను."

"ఊఁ," అనేవాడు వీరరాఘవయ్య, కంచంలోకి చూస్తూ. కన్నకొడుకు పోతే ఈ మనిషికి కోపమన్నా రాదేమిటని ఆవిడకి ఒళ్లు మండేది. ఆ మంట ఒక్కటే ఆవిడకి తెలిసేది.

ఎండలు ముదిరాక కాలువకి నీళ్లు కట్టేశారు. రోజుకింత నీరు తీస్తూ తీస్తూ చివరికి అడుగు బయటపడింది. తెగిపోయిన చెప్పులు, సీసాలు, నిమజ్జనమైన వినాయకుడి చువ్వలు, బీటలు వారిన బురద. గిరిబాబు పడిన చోటికి వచ్చేసరికి అలవాటుగా సైకిలు ఆపింది ప్రమీల. కాలువలోకి చూసింది.

బురదలో సగం కూరుకుని ఒక గుండ్రటి రాయి ఉంది. నడిమధ్య చిల్లు.

సైకిలు పడేసి గట్టు జారుతూ దిగింది. బురద తుడిచింది. అంచున పెచ్చు లేచిన గుంట వేలికి తగిలింది. ఆ పెచ్చు ఎట్లా లేచిందో ఆవిడకి తెలుసు. ఇల్లు మారినప్పుడు గిరిబాబే చెయ్యి జార్చి, అమ్మ తిడుతుందని గడప అవతలే నిలబడిపోయాడు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ తిరగలి మీదే తను కందులు విసిరింది.

"అమ్మా."

గట్టు మీద రాయప్ప నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాలువలో నీళ్లు తీసిన దగ్గర్నుంచి ఆ మనిషి పొద్దునా సాయంత్రం అక్కడే తిరుగుతున్నాడు, ఆవిడ చూడకముందే రాయి తీసేద్దామని. బురద ఆరక నిన్నటిదాకా దిగలేకపోయాడు.

"మనదేనా రాయప్పా?"

"మనదేనమ్మా. గింజ ఎత్తాంగానీ రాళ్లు ఉండిపోయినయ్. తెల్లారి తీద్దామనే వస్తన్నా. నేనొచ్చేసరికే బాబుగారు పడిపోయున్నారు." చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా. మీరేమన్నా పడతాను."

మిగతావన్నీ రేపు చూద్దువులే. ఆ మాట అన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. రాయప్ప ఆ మాట ఎత్తలేదు.

"కాలువలో ఎవరు వేశారు?"

"పెద్దయ్యగారు వెయ్యమన్నారమ్మా. బాబుగార్ని ఆటో ఎక్కించాక వచ్చి చూశారు. చూడంగానే గుర్తుపట్టారు, ఆయనింటి తిరగలేగా. 'ఇది కోడలి కంట పడితే బతకదు, పారెయ్' అన్నారు. ఊళ్లోనూ అందరికీ చెప్పారు, నోరెత్తొద్దని."

"మరి నేను రోజూ తిడుతుంటే?"

"అదీ అడిగానమ్మా. 'తిట్టనియ్యరా, ఆ తిట్టుకునే ఓపిక ఉన్నన్నాళ్లూ మనిషి నిలబడుద్ది' అన్నారు."

ప్రమీల చాలాసేపు రాయి మీద చెయ్యి అట్లాగే పెట్టుకుని కూర్చుంది. భూమి బద్దలు కాలేదు. గుండె ఆగలేదు. మనసులో ఏ అలికిడీ లేదు. దూరంగా ఎవరో గేదెల్ని అదిలిస్తున్నారు.

"ఇంటికి చేర్చమంటారా అమ్మా?"

"వద్దు. అక్కడే ఉండనీ. నీళ్లు వదిలితే మునిగిపోద్ది." లేచి చీరకి చేతులు తుడుచుకుంది. "నేను చూశానని పెద్దాయనకి చెప్పకు."

ఆ వేళ చప్టా దాకా వెళ్లలేదు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. దారిలో ఒక రాయి కనిపిస్తే ఆగి, పక్కకి దొర్లించింది.

సాయంత్రం మామగారికి అన్నం వడ్డించింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి. వీరరాఘవయ్య ముద్ద కలుపుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఏమన్నా తెలిసిందా అమ్మాయ్?"

"లేదు మావయ్యగారూ," అంది. "ఏం తెలియలేదు."

పెద్దాయన కలపడం ఆపాడు. తిట్టు కోసం చూస్తున్నాడు. రోజూ ఆ తిట్టంతా తన ఇంటి మీద, తన నెత్తి మీద పోయించుకున్న మనిషి. తిట్టు రాలేదు. తలెత్తి కోడలి ముఖం చూశాడు. చూసి, మళ్లీ కంచంలోకి వంగిపోయాడు.

ప్రమీల ఇంకో కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో మామగారితో కలిసి కూర్చుని తినడం అదే మొదలు. ఆయన పచ్చడి గిన్నె ఆవిడ వైపు జరిపాడు.

"తినమ్మా," అన్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇన్ని నెలలుగా లేని కారం నాలుకకి తగిలింది. ముద్ద గొంతు దిగలేదు. అప్పుడు ఏడ్చింది ప్రమీలారాణి, చెయ్యి కంచంలోనే ఉంచి, పక్క గదిలో చదువుకుంటున్న వినీల పరిగెత్తుకొచ్చేలా ఏడ్చింది.

"ఏమైంది తాతయ్యా?" అని వినీల అడిగింది. వీరరాఘవయ్య మాత్రం ఎందుకని అడగలేదు.