సమాధికి తీసిపెట్టిన పాలు

మా ఆయన వాయుసేనలో పదిహేనేళ్ళు కందిపప్పు కొలిచాడు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఇంకెవరికీ తెలియదు. అక్కడ రేషను స్టోరులో పప్పూ బియ్యమూ తూచి, పెన్షన్ తీసుకుని వచ్చి, ఇక్కడ మా కిరాణా అంగడిలో మళ్ళీ అదే పప్పు తూస్తున్నాడు. ఊరికి మాత్రం ఆయన ఎయిర్‌ఫోర్స్ శేషాచలం. ఆకాశంలో ఏది చప్పుడు చేసినా అది ఏ విమానమో ఆయన్నే అడుగుతారు. తెలియదు అనే మాట ఆయన నోట ఇంతవరకూ నేను వినలేదు.

మొన్నామధ్య సరిహద్దు అవతల మనవాళ్ళు దాడి చేసి తిరిగి వస్తుంటే ఒక హెలికాప్టర్ కొండల్లో పడిపోయింది. అందులో ఆంజినప్ప ఉన్నాడు. బూదికోట పక్క పల్లెలో రైతు మునిశామప్ప కొడుకు. వాళ్ళకు అన్ని సరుకులూ మా అంగడి నుంచే. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ పిల్లవాడు అమ్మ కోసం అచ్చు బెల్లం ఏరి ఏరి తీసుకుపోయేవాడు. సీలు వేసిన పెట్టె వచ్చింది. తెరవకూడదన్నారు. రాగిచేను గట్టున పూడ్చారు.

ఆ వారమే మా అంగడి ముందు పంచాయితీ మొదలైంది. నగల అంగడి వెంకటేశయ్య ఫోన్‌లో ఏదో చదివి, హెలికాప్టర్‌ను శత్రువులే కూల్చారని తేల్చేశాడు. మా ఆయన తక్కెడ కింద పెట్టి నవ్వాడు.

"కూల్చేదేంది వెంకటేశయ్యా, ఆ ఎత్తులో గాలి పల్చగా ఉంటాది. ఆ బండి ఆడ ఎగరనే ఎగరదు. ఎగరనిది ఎట్ల పడుతుంది? దాడీ లేదు, గీడీ లేదు. ఆ పిల్లోళ్ళను వేరే పని మీద యాడో దాచిపెట్టినారు."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు వెంకటేశయ్య.

"పదిహేనేళ్ళు ఆడ గడ్డి పీకినానా?"

గడ్డి కాదు, పప్పు, అని నా నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా గిరాకీ ఉంటే మొగుడి పరువు తీయడమెందుకని ఊరుకున్నాను. పక్క మొబైల్ అంగడివాడు ఇదంతా వీడియో తీసి, విమాన నిపుణుడి మాట అని పేరు పెట్టి వదిలాడు. ఇంకేముంది, నరసాపురం ఫ్యాక్టరీ బస్సుల్లోనూ ఆయన మొహమే, బంగారపేట సంతలోనూ ఆయన మొహమే. ఎవరో వచ్చి శాలువా కప్పిపోయారు. ఆయన దాన్ని గల్లాపెట్టె వెనక కుర్చీకి వేలాడదీశాడు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు మునిశామప్ప వచ్చాడు. సరుకులేమీ అడగలేదు. మా ఆయన లేని వేళ చూసుకుని వచ్చాడని తర్వాత అర్థమైంది.

"అమ్మా, మా ఇంటామె పాలు పోయనీదు," అన్నాడు.

వాళ్ళల్లో మట్టి చేసిన మూడోనాడు సమాధి మీద పాలు పోస్తారు. అప్పుడే పోయినవాడు పోయినట్టు. నెల దాటినా ఆంజినప్పకు ఇంకా పోయలేదట.

"మా ఇంటామె నాయన గనిలో పని చేసినాడమ్మా. లోపల రాయి పేలి దారి మూసుకపోయింది. పోయినాడనుకొని ఇంట్లో వాళ్ళమ్మ గాజులు పగలగొట్టినారు. మూడోనాడు ఆయన బతికి పైకి వచ్చినాడు. తొందరపడితినే అని ఆ తల్లి సచ్చేదాకా ఏడ్చింది. ఇంగ ఈమె మీ ఆయన వీడియో పట్టుకొని కూర్చుండాది. దినమూ కొడుక్కి సంగటి ముద్ద ఎత్తిపెడతాది. నేను దినమూ చెంబుతో పాలు తీసిపెడతాను. ఆమె దినమూ వాటిని కాచేస్తాది. నేను చెప్తే వినదు. మీ ఆయన చెప్తే వింటాది."

ఆ ముసలాయన ఏడవను కూడా లేదు. అలసిపోయి ఉన్నాడు. కొడుకు పోయినందుకు ఏడ్చే తీరిక కూడా ఆయనకు మా ఇల్లు మిగల్చలేదు.

మా ఆయన రాగానే అడిగాను, వస్తారా రారా అని.

"నేను నా అభిప్రాయం చెప్పినాను. అంతే కదా," అన్నాడు.

"మీ అభిప్రాయానికి ఆడ ఒక తల్లి ముద్ద పెడతా ఉంది. పోయి ఉన్నది చెప్పండి. స్టోరులో పప్పు కొలిచినానని చెప్పండి."

"బజారులో తలెత్తుకొని తిరిగేది ఎట్ల, నాగరత్నా?"

"వంచుకొని తిరగండి. ఏం మునిగిపోదు."

మర్నాడు అంగడి మూసి ఆటోలో బయలుదేరాం. దారి పొడుగునా ఆయన అన్ని వైపులా చూస్తూనే ఉన్నాడు, నా వైపు తప్ప.

మునిశామప్ప భార్య లక్ష్మీదేవమ్మ గుమ్మంలోనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. కొత్త చాప పరిచింది. దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది ఆయన్ని. గోడవార ఆంజినప్ప పళ్ళెం బోర్లించి ఉంది. గూట్లో మునిశామప్ప ఆ పొద్దున పిండిన పాలచెంబు, పైన మూత. ఆ ముసలాయన దాని పక్కనే నిలబడ్డాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను చెప్పినదాంట్లో కొంచెం..." అని ఆగాడు. నేను చూశాను. ఆ చూపుకు మిగతాది వచ్చింది.

"నేను విమానాల పని చేయలేదమ్మా. రేషను స్టోరులో ఉంటిని. హెలికాప్టర్ ఎంత ఎత్తు ఎగురుతుందో నాకు తెలీదు. నోటికొచ్చింది వాగినాను. మీ పిల్లోడు పోయినాడమ్మా. పాలు పోయనియ్యండి."

చెప్పేశాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన మీద నాకు ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది. ఇక అయిపోయింది, ఆమె ఇప్పుడు భోరుమంటుంది, పట్టుకోవాలి అనుకుని నేను ముందుకు జరిగాను.

లక్ష్మీదేవమ్మ లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. వచ్చి ఆయన ముందు కూర్చుని గొంతు తగ్గించింది.

"ఎవురప్పా నిన్ను బెదిరించినారు?"

"ఎవరూ లేదమ్మా. నిజమే చెప్తా ఉన్నాను."

"నాకు తెలుసులే. పెద్దోళ్ళు ఊరికే ఉంటారా? ఆ వీడియో ఊరంతా పోయె కదా. పప్పు కొలిచేవాడినని చెప్పుకోమన్నారా? పాపం, ఎంత మాట అనిపించినారు నీతో."

"అమ్మా, నేను ఈయన పెండ్లాన్ని. ఈయన పప్పే కొలిచినాడు," అన్నాను. నా గొంతు పెద్దదైంది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీకూ భయముంటాదిలేమ్మా. సంసారమోళ్ళు. నేను ఎవురికీ చెప్పను."

ఏం చెయ్యమంటారు నన్ను? అబద్ధం చెప్పినప్పుడు నమ్మిన మనిషి నిజం చెప్పినప్పుడు ఇంకా గట్టిగా నమ్మింది, ఆ అబద్ధాన్నే. పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ చెయ్యి చూస్తే సన్నగా, వేడిగా ఉంది. కుదపలేకపోయాను.

ఆమె లేచి గూట్లోంచి చెంబు తీసింది. మునిశామప్ప అడ్డు రాలేదు. పొయ్యి ముట్టించి ఆ పాలు కాచింది. కొడుకు తెచ్చిన బెల్లం ఇంకా కొంచెం ఉంటే అది చితక్కొట్టి వేసింది. పెద్ద లోటాలో పోసి మా ఆయన చేతికిచ్చింది.

"తాగప్పా. భయపడొద్దు. మావాడు వచ్చినాక నువ్వు చెప్పిందే నిజమని ఊరంతా చాటిస్తాను."

మా ఆయన నా వైపు చూశాడు, మునిశామప్ప వైపు చూశాడు. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. ఆయన తాగాడు.

మునిశామప్ప ఖాళీ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. కడిగి తెచ్చి, రేపటికని మళ్ళీ గూట్లో పెట్టాడు.