రక్షకాధిపతికిచ్చిన పుష్పగుచ్ఛము

…కాదు, ఈ కంపు సబ్బుది కాదు, నీటిది కాదు, చేతులదే యని తలపోయుచు కర్నలు హ్నాత్ వెరెమియెంకో మరల చేతులు కడుగుకొనెను. గవాక్షమునకావల గ్రీష్మావసానమున ఉక్రెయిన్ దేశపు దక్షిణమైదానమంతయు ప్రొద్దుతిరుగుడు చేలతో దిగంతము దాక నిండియుండగా కోతకు పండి నల్లబడి తలలు వ్రేలవైచిన యా పుష్పసహస్రము శిరశ్ఛేదమునకై వరుసదీర్చిన బందీజనమువలె నిలిచియుండెను. నూనెమిల్లులనుండి వెడలు వెచ్చని మడ్డివాసన ధూళిధూసరితములైన పాప్లరు వృక్షముల వరుసలను దాటి వెర్బొగ్రాదు పట్టణముపై జిడ్డుదుప్పటివలె పరచుకొనుచుండెను. క్రింది ప్రాంగణమున బ్యాండువారు ఇత్తడివాద్యములను సవరించుకొనుచుండిరి. ఆనాడు పోలీసుల వార్షికోత్సవము.

ఇతడు పిండిమరలు బాగుచేయు నొక పేదవాని కుమారుడు. పసితనముననే సైనికవిద్యాలయమున జేరి మెట్టుమెట్టుగా పైకి వచ్చి యుద్ధము దాపురించినప్పుడు గడ్డకట్టిన యొక నదిపై వంతెనను శీతకాలమంతయు కాచి తనవారి కళేబరములలో నొక్కదానినైనను శత్రువునకు విడువక మంచుపై ప్రాకిపోయి ఈడ్చుకొనివచ్చిన ధీరుడని దేశమెల్ల పేరు వడసెను. తుదకు మోకాటిలో నినుపతునుక నిలిచి సైన్యమునకు పనికిరానివాడు కాగా ఆ ప్రాంతపు గవర్నరు అతనిని పిలిపించి కౌగిలించుకొని ప్రాంతీయ రక్షకాధిపతి పీఠమున గూర్చుండబెట్టెను. గవర్నరునకు గావలసినది మనుష్యుడు గాడనియు గోడబీటను గప్పుటకు వ్రేలాడదీయు పటమువంటి పేరు మాత్రమే యనియు వెరెమియెంకో యెరుంగుటకు చిరకాలము పట్టలేదు. ఎరింగియు నుండెను. మొదట గవర్నరు అల్లుడు త్రాగి కారు నడిపి యొకని కాలు విరిచినప్పుడు ఒక్కసారికి గదా యని కన్నులు మూసికొనెను. పిమ్మట ఒక్కసారి యను మాటయే యనావశ్యకమయ్యెను.

ఆతని కొక్కటే యూరట యుండెను. అది ఏవగింపు. తన చుట్టును మూగిన బలిసిన మెడలను జూచి అత్తరు పూసిన గడ్డములను జూచి వారి విందులలో నేయి కారు వ్రేళ్లను జూచి ఆతని కడుపు త్రిప్పెడిది. కడుపు త్రిప్పుచున్నంతకాలము తాను వారిలోనివాడను గానని యాతడు రహస్యముగా నమ్మియుండెను. ఆ ఏవగింపును శీలమువలె భద్రపరచుకొనెను. దానికి వెల యేమియు లేదని మాత్రము తలపునకు రానీయలేదు.

ఇప్పుడు యూఖిమ్ అను యువకుని సంగతి వచ్చెను. నూనెమిల్లులో బస్తాలు మోయువాడు. అంగడిలో పోలీసు కప్తాను చుప్రీనా కాలుజారి పడగా నవ్వెను. అదియే నేరము. స్టేషనునకు గొనిపోయిరి. తెల్లవారునప్పటికి వాడు ప్రాణముతో లేడు. మెట్లపై నుండి జారిపడినాడని చుప్రీనా చెప్పెను. వెరెమియెంకో శవాగారమునకు బోయి స్వయముగా జూచెను. మరణము ధరించు వేషములన్నింటిని రణభూమిలో జూచినవా డగుటచే దుప్పటి తొలగించినంతనే గ్రహించెను. మెట్లు అరికాళ్లను కొట్టవు. ఐనను మరల దుప్పటి కప్పి వెలుపలికి వచ్చెను. బిడ్డ జారిపడియే మరణించెనని తల్లి ఒప్పుకొన్నచో కళేబర మిత్తుమని క్రిందివారు బేరము పెట్టిరి. ఆమె యొప్పుకొనలేదు. అదియు వెరెమియెంకో యెరుంగును. నేడు ఆ చుప్రీనా వక్షమున పతకము గ్రుచ్చవలసిన చేతులు తనవే.

ఉపాధిపతి లుకియాన్ తలుపు తెరచెను.

"చాలును కర్నలు దొరా, చేతుల తోలూడివచ్చును! చుప్రీనా క్రొత్త బూట్లు తొడిగి పెండ్లికొడుకువలె పండ్లికిలించుచున్నాడు. గవర్నరుగారును వేంచేసిరి."

"ఆ తల్లి?"

"గేటు కడ రాతిపై గూర్చున్నది. కూర్చుండనిండు. పిల్లవాడు మంచుగదిలో చల్లగా నున్నాడు, వానికి తొందరయేమి?" అని లుకియాన్ తన హాస్యమునకు తానే నవ్వెను.

వెరెమియెంకో తువాలుతో చేతులు దుడుచుకొని క్రిందికి దిగెను.

సభామందిరమున వాద్యఘోష మిన్నుముట్టెను. ఆచారము చొప్పున పట్టణస్త్రీలు వరుసగా వచ్చి అధికారులకు పుష్పగుచ్ఛము లొసంగుచుండిరి. పూలు పట్టినదానిని ద్వారపాలకుడు శంకింపడు గదా. ఆ వరుసలో నల్లరుమాలు తలకు జుట్టుకొన్న మోత్ర్యా యను వృద్ధ వచ్చి వెరెమియెంకో యెదుట నిలిచి గుచ్ఛమును చేతిలో నుంచెను. ఎఱ్ఱని కార్నేషను పూవులు. ఆరు.

ఆ దేశమున బ్రతికినవారికి బేసిసంఖ్యలో పూలిత్తురు. సరిసంఖ్య మృతులకు. పసిబిడ్డలును ఈ లెక్క తప్పరు. ముందువరుసలోని వారి పెదవులు మెల్లగా గదలి ఆరు కడ ఆగిపోయెను. వాద్యములును ఒకటొకటిగా నాగెను. యూఖిమ్ తల్లి యీమెయే యని గుసగుస వరుసలవెంట ప్రాకెను.

"అవ్వకు చత్వారము గాబోలు!" అని చుప్రీనా నవ్వెను.

లుకియాన్ చటుక్కున ముందునకు వచ్చి గుచ్ఛమునుండి యొక పూవును లాగి, "ఐదు! దోషము పోయినది. ముసలిది లెక్క తప్పినది, పాపము. వాయింపుడయ్యా!" అనెను.

"తప్పలేదు నాయనా" అని మోత్ర్యా వెరెమియెంకో ముఖమునే చూచుచు బలికెను. "నాకొక్కడే కొడుకు. ఒకటి దాక లెక్కించుట నాకు వచ్చును. ఇవి నీకు గావు. నా యూఖిమునకు. వాడు నీ యింట నున్నాడు, నీవారు నన్ను వానికడకు రానీయరు. అందుచే నీ చేతికి దెచ్చితిని. వానికిమ్ము."

గవర్నరు కనుబొమలు ముడిపడెను. వెరెమియెంకో అలవాటు చొప్పున తన యూరటకై లోపల వెదకెను. కడుపు త్రిప్పెను, నిజమే. కాని యీమారు ఆ త్రిప్పుట చుప్రీనా బూట్లను జూచి గాదు, లుకియాన్ నవ్వును జూచి గాదు. దుప్పటి మరల గప్పిన చేతులను జూచి. ఇన్నినాళ్లు తాను అసహ్యించుకొనుచు నిలువగా ఆ యసహ్యము నీడలోనే సర్వమును నిరాటంకముగా జరిగినదని యాతనికి తోచెను. ఐదు పూవులే యుండెనా, ఒక ముసలిది లెక్క తప్పినది. ఆరవది మరల జేరెనా, ఈ సభలో హతుడొకడున్నాడని రక్షకాధిపతియే యందరియెదుట నొప్పుకొన్నట్లగును. పిమ్మట పతకముండదు, పీఠముండదు, శవమును బేరమునకు బెట్టుటకు గదియు నుండదు.

"వాయింపుడనుచున్నానుగదా!" అని లుకియాన్ గద్దించెను. ఎవ్వరును వాయింపలేదు.

వెరెమియెంకో చేయి సాచెను. లుకియాన్ నవ్వుచునే పూవును వెనుకకు దాచుకొనబోయెను. వెరెమియెంకో ఆతని పిడికిలిని బట్టి వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, నలిగి తొడిమ వంగిన యా పూవును గైకొని, తక్కిన యైదింటి నడుమ మెల్లగా గ్రుచ్చెను.