నలభై ఏడో గంట

ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. సగం వినగానే మిగతా సగం నాకే తెలుసనిపిస్తుంది. మా అమ్మ ఈ విషయం మొత్తుకుని మొత్తుకుని పోయింది. అలాంటి నాకు మా సంఘంవాళ్ళు ఏరికోరి చర్చి గంట అప్పగించారు. ఇరవై రెండేళ్ళుగా చర్చి ఊడ్చేదీ, బెంచీలు తుడిచేదీ, గంట కొట్టేదీ నేనే. ఆరాధనకు పన్నెండు గంటలు. పెళ్ళికి చేతులు పీకేదాకా. ఎవరైనా పోతే మాత్రం వాళ్ళ వయసెంతో అన్ని, ఒక్కోదానికీ మధ్య అయిదు ఊపిరులు ఆగి. నా బతుకులో నేను ఆగేది అక్కడొక్కచోటే.

మా బాబాయి వడ్రంగి. సంఘంలో పుట్టినవాళ్ళకు ఉయ్యాల తొట్టీ, పోయినవాళ్ళకు శవపెట్టే ఆయన చేతిమీదుగానే. పెట్టె లోపల తెల్లగుడ్డ కుట్టేది ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త. చర్చికి ఎదురుగానే ఆమె కుట్టుమిషను కొట్టు. ముప్పై ఏళ్ళు ఆ అన్నాచెల్లెళ్ళు ఒకరి పనికి ఒకరు వంక పెట్టుకుంటూ హాయిగా పనిచేశారు.

నాయనమ్మ పోయిన రోజున చెడింది. ఆమె తల కిందకని అత్త ఒక చిన్న దిండు కుడుతూ కూర్చుంది. వాన ముంచుకొస్తోందని అందరూ తొందరపెట్టారు. బాబాయి మూత వేసి మేకులు దిగ్గొట్టేశాడు. అత్త దిండు పట్టుకుని పరుగున వచ్చి, మూత తీయమంది. కొట్టిన మేకు తీసేది లేదన్నాడు. అప్పటినుంచీ పదకొండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. పని మాత్రం ఆగలేదు. ఆయన పెట్టెను కొట్టు గుమ్మంలో దించి వెళ్ళేవాడు, ఆమె గుడ్డ కుట్టి తలుపేసుకునేది. మధ్యలో కబుర్లు మోసే గాడిదను నేను.

మొన్న చలికాలంలో బాబాయికి జ్వరం పట్టుకుంది. అప్పటికి ఆయనకు డెబ్భై తొమ్మిది. మనవడి బిడ్డకు ఆ ఆదివారమే బాప్తిస్మం. మా చర్చిలో ఇంటికి పెద్ద ఆడమనిషి బిడ్డను ఎత్తుకెళ్ళి పాస్టరు అయ్యగారి చేతికి అందించాలి. పిన్ని ఎప్పుడో పోయింది కాబట్టి ఆ పెద్ద ఇప్పుడు అత్తే. బాబాయి నా చెయ్యి పట్టుకుని, "నా చెల్లెలు వచ్చి పాపను ఎత్తుకుంటే చాలమ్మా. ఆ తర్వాత నువ్వు ఎప్పుడు గంట కొట్టినా నాకు ఫరవాలేదు" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి అత్త చెవిన వేశాను. మిషను చప్పుడులో వినబడలేదంది. మిషను ఆగే ఉంది.

ఈలోగా సంఘమంతా బాబాయిని చూడ్డానికి విరగబడింది. ఒక జట్టు ప్రార్థన చేసి లేస్తే ఇంకో జట్టు పాట ఎత్తుకునేది. మా సంఘం ప్రేమే అంత, మనిషిని తీరిగ్గా దగ్గనివ్వదు. నాలుగు రోజులు ఆయన కంటిమీద కునుకు లేదు.

గురువారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది. బాబాయి మనవడి భార్య. బడిలో భాష చెప్పే పంతులమ్మ, ఆ పిల్ల నోట పుస్తకంలో లేని మాట రాదు. "అత్తయ్యగారూ, తాతగారు ఇప్పుడే నిద్రించారు. ఎంతో ప్రశాంతంగా. మీరు అందరికీ చెప్పండి…" అంది.

మా సంఘంలో ఎవరూ చచ్చిపోరు. ప్రభువునందు నిద్రిస్తారు. బతికున్నవాళ్ళు మాత్రం పడుకుంటారు. నేను ఫోన్ పెట్టేశాను.

ఏడుస్తూనే రోడ్డు దాటి, అత్త కొట్టులోకి తల పెట్టి, "అత్తా, బాబాయి నిద్రించాడు" అన్నాను. ఆమె కాలు మిషను మీద ఆగిపోయింది. నేను వెళ్ళి తాడు పట్టుకున్నాను.

నలభై ఆరో గంట దగ్గర మా పాస్టరు అయ్యగారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు. "ఆపమ్మా, ఆయన బతికే ఉన్నాడు. కాసేపు ఎవరూ రావద్దని అందరికీ చెప్పమంటే నువ్వు ఫోన్ పెట్టేశావట" అన్నారు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మొహం చెల్లకపోయినా కాళ్ళు వాటంతటవే బాబాయి ఇంటికి పరుగెత్తాయి.

వాకిట్లో అప్పుడే పది మంది పువ్వులతో నిలబడి ఉన్నారు. పంతులమ్మ వాళ్ళకు చేతులు జోడించి నచ్చజెప్తోంది. వెనక, పనిపాక వైపు తలుపు తీసి ఉంది. తొంగిచూస్తే బాబాయి మంచం పక్కన అత్త. చేతిలో చిన్న తెల్ల దిండు. పదకొండేళ్ళు దాచిందన్నమాట.

"అమ్మకు పెట్టనివ్వలేదు. నీకు పెడుతుంటే ఎవరు ఆపుతారో చూస్తాను" అంటూ ఆయన తల ఎత్తి దిండు దూర్చింది. "ఒక్క మేకు తీస్తే ఏం పోయేది అన్నయ్యా? ఇన్నేళ్ళూ నీ ప్రతి పెట్టెకూ నీతో మాట్లాడుతూనే కుట్టాను. నీకేం తెలుసు."

నేను నోరు తెరవబోయాను. అంతలో బాబాయి కంటి కొసన నీళ్ళు కనబడి, ఎన్నడూ లేనిది, నోరు మూసుకున్నాను. కళ్ళు తెరవకుండానే ఆయన, "కొంచెం ఎత్తుగా ఉంది" అన్నాడు.

ఇంకొకరైతే కెవ్వుమనేవారు. మా అత్త ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. దిండు లాగి, పంటితో కుట్టు తెంపి, గుప్పెడు దూది పీకి, మళ్ళీ తల కింద పెట్టింది. "ఇప్పుడో?" అంది.

"ఇప్పుడు బాగుంది." కళ్ళు తెరిచి మళ్ళీ అన్నాడు. "మేకు తీయాల్సింది చెల్లీ. తీస్తే అమ్మ మొహం మళ్ళీ చూడాలి. మూత వేసింది నేనే, రెండోసారి వేయడం నా వల్ల కాదనిపించింది. ఆ మాట చెప్పడం రాక మొండికేశాను."

అత్త మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. వాళ్ళను వాళ్ళకు వదిలేసి నేను వాకిట్లోకి వెళ్ళి అందరితోనూ చీవాట్లు తిన్నాను. అన్ని చీవాట్లు అంత సంతోషంగా నేనెప్పుడూ తినలేదు.

మర్నాడు బాబాయి నన్ను పిలిచి ఎన్ని కొట్టానని అడిగాడు. నలభై ఆరని నీళ్ళు నమిలాను. "అవి దండగ చేయకు. మిగతా ముప్పై మూడూ దాచి ఉంచు" అన్నాడు. పువ్వులు కూడా దండగ కాలేదు, ఆదివారం బాప్తిస్మపు తొట్టి చుట్టూ పెట్టాం. అత్త పాపను ఎత్తుకుని నడుస్తుంటే బాబాయి ముందు బెంచీలో శాలువా కప్పుకుని కూర్చుని, "తల పట్టుకో, తల" అని వినబడేలా అన్నాడు. నాకు తెలుసు అని అత్త కూడా వినబడేలానే అంది. అయ్యగారు ప్రార్థన మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అత్త అక్కడే. దిండు ఎత్తుగా ఉందని ఆయన రోజూ అనేవాడు, ఆమె రోజూ సర్దేది. ఎండాకాలంలో ఆయనకు ఎనభై నిండాయి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున మళ్ళీ ఫోన్ మోగింది. "అత్తయ్యగారూ, తాతగారు…" అని పంతులమ్మ ఆగిపోయింది. "చెప్పమ్మా. మొత్తం చెప్పు, వింటున్నాను" అన్నాను. చాలాసేపు ఆగాను కూడా.

"మామ్మగారు దిండు సర్దారు. ఎత్తుగా ఉందని అనలేదు" అంది.

పెట్టె మూత దగ్గర ఆ రోజు ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు, వాన పడుతున్నా. అత్త దిండు సర్దింది, తీసి మళ్ళీ సర్దింది, ఇక చాలని తనే చెప్పింది.

నేను గంట నలభై ఏడు నుంచి మొదలుపెట్టాను. సంఘమంతా లెక్కపెడుతోందని నాకు తెలుసు. డెబ్భై తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది, ఆయన దాచమన్న ముప్పై మూడూ అయిపోయాయి. కిందికి చూశాను. వాకిట్లో వానలో తడుస్తూ అత్త నా వైపు తల ఎత్తి, ఒక వేలు చూపించింది. ఇంకొకటి ఉంది, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న ఏడాది.

అయిదు ఊపిరులు ఆగి, అదీ కొట్టాను.